వైద్యమా? వాణిజ్యమా? – చరకుడు చెప్పిన ఐదు పరీక్షలు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడి, పిల్లలు కళాశాల తొలి సంవత్సరంలో అడుగుపెట్టే నెలలలో, అర్చకుని ఎదుట చెప్పుకొనే సంకల్పాలలో ఒక మాట పదే పదే వినబడుతుంది. "మా అబ్బాయికి డాక్టరు సీటు రావాలండీ" అని తండ్రి అంటాడు. "మా అమ్మాయి బి.కాం.లో చేరింది. మనసు మార్చుకొని మళ్లీ నీట్ వ్రాయాలని మ్రొక్కుకొన్నాము" అని తల్లి అంటుంది. గోత్రనామాలు పెద్దలే చెబుతారు, కోరికా పెద్దలే చెబుతారు. పక్కన చేతులు జోడించి నిలుచున్న పదునెనిమిదేండ్ల బిడ్డ నోట మాట రాదు.

మన సీమలో ఈ ప్రశ్న మరింత బరువైనది. ఎందుకనగా ఇక్కడ రెండు దారులూ ఇంటి గుమ్మం ముందే ఉన్నవి. తాడేపల్లిగూడెం బియ్యపు మిల్లులకు, ఉల్లిపాయల టోకు వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. కొల్లేటి చుట్టూ చేపల చెరువులు, వాటి వెంట మేత, ఐసు, రవాణా వ్యాపారాలు ఉన్నవి. ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాల చాలాకాలంగా నడుస్తున్నది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడ ప్రారంభమైనది. ఇంటిలో వ్యాపారం, ఊరిలో వైద్య విద్య. ఈ రెండింటి మధ్య నిలిచిన పిల్లవానికి ఏమి చెప్పవలెను? ఈ మాసపు పాఠంలో ఈ ప్రశ్నకు మన పూర్వులు చూపిన మార్గాన్ని పరిశీలిద్దాము.

మూడు కోరికలు

ఆత్రేయ పునర్వసువు ఉపదేశించగా అగ్నివేశుడు గ్రంథస్థం చేసిన వైద్యశాస్త్రాన్ని చరకుడు సంస్కరించినాడు. తరువాత దృఢబలుడు దానిని పూరించినాడు. అదే నేడు మనకు లభిస్తున్న చరక సంహిత. అందులో సూత్రస్థానం పదునొకండవ అధ్యాయంలో మనుష్యునకు ఉండవలసిన మూడు ఏషణలు, అనగా మూడు కోరికలు, చెప్పబడినవి. మొదటిది ప్రాణైషణ, అనగా ఆరోగ్యంతో చిరకాలం జీవించాలన్న కోరిక. రెండవది ధనైషణ, అనగా జీవనానికి కావలసిన సాధనాలను సంపాదించాలన్న కోరిక. మూడవది పరలోకైషణ.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. ఈ మాట చెబుతున్నది వైద్యశాస్త్ర గ్రంథం. అయినను అది ధనాన్ని చిన్నచూపు చూడలేదు. చేతిలో ఏ సాధనమూ లేకుండా దీర్ఘకాలం బ్రతకడం కంటె మించిన పాపం లేదన్నంత గట్టిగా చెప్పినది. ధనార్జనకు మార్గాలను పేర్కొంటూ కృషిని, పశుపాలనను, వాణిజ్యాన్ని, రాజసేవను ఒకే వరుసలో నిలిపినది. సత్పురుషులు నిందించని ఇతర వృత్తులను కూడ చేపట్టవచ్చునన్నది. కనుక వైద్యం పుణ్యమనీ, వాణిజ్యం స్వార్థమనీ విభజించి పిల్లలకు బోధించడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

అట్లని వైద్యాన్ని సంతలోని సరుకుగా చూడడానికీ చరకుడు అంగీకరించలేదు. కేవలం జీవనోపాధి కొరకు చికిత్సను అమ్ముకొనేవాడు బంగారు రాశిని విడిచి మట్టికుప్పను ఆశ్రయించినవాడని చికిత్సాస్థానంలో హెచ్చరించినాడు. "డాక్టరైతే బాగా డబ్బు వస్తుంది" అని చెప్పి పిల్లవానిని వైద్యం వైపు పంపేవారు ఈ హెచ్చరికను గుర్తుంచుకొనవలెను. డబ్బే ధ్యేయమైతే దానికి వాణిజ్యం తిన్నని దారి. అది గౌరవప్రదమైన దారి కూడ.

ఐదు పరీక్షలు

ఇక అసలు పాఠం. విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో 'భిషగ్బుభూషువు' అన్న పదం వస్తుంది. వైద్యుడు కాగోరువాడు అని దాని అర్థం. అట్టి బుద్ధిమంతుడు గ్రంథాన్ని, గురువును ఎన్నుకొనడానికి ముందే కొన్ని విషయాలు తెలుసుకొనవలెనని చరకుడు నిర్దేశించినాడు. అవి కార్యగురులాఘవం, కర్మఫలం, అనుబంధం, దేశం, కాలం. వైద్య విద్యార్థి కొరకు చెప్పబడినవే అయినను ఇవి ఏ విద్యకైనను సరిపోతాయి. ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది కార్యగురులాఘవం. తాను పూనుకొనే పని తనకు ఎంత బరువు, ఎంత తేలిక అన్న విచారణ. ఇక్కడ 'తనకు' అన్నదే ముఖ్యం. పొరుగింటి పిల్లవానికి తేలికైనది మన బిడ్డకు మోయరాని బరువు కావచ్చును. మంచి వైద్యునికి నాలుగు గుణాలు ఉండవలెనని సూత్రస్థానం చెబుతున్నది. శాస్త్రంలో నిర్మలమైన జ్ఞానం, అనేక పర్యాయములు కర్మను కన్నులార చూచిన అనుభవం, దక్షత, శుచిత్వం. మార్కులు వీటిలో మొదటిదానికి మాత్రమే, అదీ కొంతవరకే, సూచిక. రక్తం చూచి తొలగిపోతాడా, చీము వాసనకు ముఖం త్రిప్పుకొంటాడా, రాత్రి రెండు గంటలకు లేపితే విసుగుకొంటాడా అన్నవి మార్కుల పట్టికలో ఉండవు. అట్లే వాణిజ్యానికీ గురులాఘవం ఉన్నది. నష్టం వచ్చిననాడు నిద్రపోగలడా? బాకీ వసూలుకు వెళ్లి మాట తూలకుండా ఉండగలడా? లెక్క తేలనినాడు తేలేవరకు కూర్చుంటాడా?

రెండవది కర్మఫలం. ఏ ప్రయోజనం కొరకు పని చేస్తున్నామో అది ఫలం. వైద్యానికి ఫలం రోగి స్వస్థత. వాణిజ్యానికి ఫలం అవసరమైన వస్తువు అవసరమైన చోటికి, న్యాయమైన ధరకు చేరడం, దానివలన న్యాయమైన లాభం రావడం. కారు, మేడ, పెండ్లి సంబంధం అనేవి ఫలాలు కావు. అవి ఫలాన్ని ఆశ్రయించి వస్తే రావచ్చును, రాకపోవచ్చును. పిల్లవానిని "నీకు ఏది కావాలి?" అని అడిగితే చాలామంది ఈ రెండవ జాబితానే చెబుతారు. "సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఏ పని పూర్తి చేసి రావాలని ఉన్నది?" అని అడిగిన ఇంట్లో సమాధానం వేరుగా వస్తుంది.

మూడవది అనుబంధం. పని ముగిసిన తరువాత దాని కారణంగా కర్తను తప్పక వెంటాడే శుభాశుభాలను అనుబంధమని చరకుడే అదే అధ్యాయంలో నిర్వచించినాడు. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాల చదువు, దానిపై ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. ఆపై స్పెషలిస్టు కావాలంటే మరి మూడేండ్లు. ఎక్కడా ఆగకుండా సాగినను వయస్సు ఇరవైయాఱు దాటుతుంది. ప్రభుత్వ కోటాలో సీటు వస్తే ఒక లెక్క. యాజమాన్య కోటాలో చేరితే ఆ రుసుము ఏటేటా లక్షలలో ఉంటుంది. పొలం అమ్మి కట్టిన రుసుము పిల్లవాని భుజంపై అప్పుగా కూర్చుంటుంది. ఆ అప్పు తీరే తొందరలో అతడు అనవసర పరీక్షలు వ్రాసే వైద్యుడైతే, ఆ దోషం అతనిది ఒక్కనిదేనా? వాణిజ్యంలో అనుబంధం వేరొక రూపంలో వస్తుంది. 1990వ దశకం మధ్యలో తెల్లమచ్చ తెగులు సోకి కోస్తా రొయ్యల చెరువులు ఎన్నో ఎండిపోయినవి. కొల్లేరు 1999లో అభయారణ్యంగా ప్రకటింపబడినది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది. 2006లో ఆ పరిధిలోని చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించినది. నేల స్వభావాన్ని, చట్టాన్ని చూడకుండా పెట్టిన పెట్టుబడికి అనుబంధం ఎట్లుంటుందో కొల్లేటి గ్రామాలవారికి వేరే చెప్పనక్కరలేదు.

నాలుగవది దేశం. మనం ఉన్న చోటు ఏమి కోరుతున్నదన్న విచారణ. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు పట్టణంలో వందలాది మంది మూర్ఛతో, వణుకుతో ఒక్కసారిగా ఆసుపత్రికి చేరిన సంగతి పాఠకులు మరచిపోలేదు. రక్త నమూనాలలో సీసం, నికెల్ లోహాల జాడ కనబడినదని ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు తెలిపినారు. ఆ దినాలలో రాత్రింబవళ్లు నిలిచిన వైద్యులు, నర్సులు ఈ నేలకు ఎంత అవసరమో అందరూ చూచినారు. అదే నేల నీటి శుద్ధిని, సరుకు నిలువను, నిజమైన తూకాన్ని, పారదర్శకమైన లెక్కను తెలిసిన వర్తకులను కూడ కోరుతున్నది. కలుషితం కాని ఆహారాన్ని అమ్మేవాడు రోగం రాకముందే చికిత్స చేసినవాడు.

ఐదవది కాలం. ఇది రెండు విధాలు. ఒకటి లోకపు కాలం, రెండవది వ్యక్తి వయస్సు. ఇక్కడ ఒక వ్యత్యాసాన్ని తప్పక గ్రహించవలెను. వైద్యం చదివినవాడు తరువాత వాణిజ్యం నేర్చుకొని ఆసుపత్రినో, ఔషధ సంస్థనో నడపవచ్చును. వాణిజ్యం నుండి వైద్యానికి రావడం అంత సులభం కాదు. వయస్సు గడిచేకొద్దీ మరీ కష్టం. కనుక వైద్యంపై నిజమైన కోరిక ఉన్నవాడు ఆలస్యం చేయరాదు. కోరిక లేనివాడు భయంతో సంవత్సరాలకు సంవత్సరాలు లాంగ్‌టర్మ్ కోచింగులో గడపరాదు.

గుండుగొలను వైద్యుడు

ఈ పరీక్షలకు ఉదాహరణలు వెదకడానికి దూరం పోనక్కరలేదు. ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో భీమడోలుకు ముందు గుండుగొలను వస్తుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1880లో జన్మించినది అక్కడే. చిన్ననాడే తండ్రిని కోల్పోయినారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ., ఆపై వైద్యంలో ఎం.బి.సి.ఎం. పట్టా సాధించి మచిలీపట్నంలో వైద్యవృత్తి ప్రారంభించినారు. వృత్తి బాగా సాగినది. అయినను దానిని విడిచి దేశసేవలో ప్రవేశించినారు. ఆ సేవలో ఒక భాగం జైలు జీవితం. మరొక భాగం వాణిజ్యం.

1923 నవంబరులో మచిలీపట్నంలో ఆయన స్థాపించిన ఆంధ్రా బ్యాంకు లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో పని ప్రారంభించినది. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వెలసినది. రైతు, చిన్న వర్తకుడు అధిక వడ్డీకి లోబడి క్రుంగిపోతున్న కాలమది. ఒక్కొక్క రోగి నాడి చూచిన వైద్యుడు సమాజపు నాడి చూచి, ఈ రోగానికి మందు ఔషధాలయంలో లేదు, న్యాయమైన ఋణంలో ఉన్నదని గ్రహించినట్లు మనం భావించవచ్చును. ఆయన 1948లో కాంగ్రెసు అధ్యక్షులైనారు. తరువాత మధ్యప్రదేశ్ గవర్నరుగా పని చేసినారు. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయం చేయబడి, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. అప్పటికి అది దాదాపు శతాబ్దం పాటు తెలుగువారి ఇండ్లకు బ్యాంకుగా నిలిచినది.

దీని నుండి గ్రహించవలసినది వైద్యం విడిచిపెట్టమని కాదు. ఆయన వైద్యం నుండి పారిపోలేదు. చదువు పూర్తి చేసి, వృత్తిలో నిలద్రొక్కుకొని, ఫలమేదో ఎరిగి మార్గం మార్చుకొన్నారు. ఓడిపోయి మారడానికి, ఎరిగి మారడానికి భేదమున్నది.

భీమవరం బాలుడు

రెండవ ఉదాహరణ భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన జీవితం వాణిజ్యంతోనే ఆరంభమైనదంటే కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. పదమూడేండ్ల వయస్సులో, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరినాడు. తల్లి వెంకమ్మ గారు వెనుకకు రప్పించి చదువులో పెట్టినారు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. తరువాత సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలని తలచినాడు. తల్లి అనుమతి లభించలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరినాడు. స్వల్పకాలంలో సోదరులు ఇద్దరు స్ప్రూ వ్యాధితో మరణించడం ఆయన మనసును వైద్య పరిశోధన వైపు దృఢంగా త్రిప్పినది.

ఆ దారి కూడ పూలబాట కాలేదు. గాంధీజీ పిలుపు నందుకొని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందున ఆచార్యుని ఆగ్రహానికి గురియైనాడు. ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కినది. మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించినాడు. అటుపై అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్లి, ఆసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా పని చేస్తూ హార్వర్డులో చదివినాడు. 1925లో ఫిస్కె గారితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించినాడు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలపై చేసిన పరిశోధన ఆ తరువాతిది.

ఇక్కడ మన ప్రశ్నకు సంబంధించిన విషయాలు రెండు ఉన్నవి. మొదటిది, ఆయన అమెరికా ప్రయాణానికి మామగారితో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అండగా నిలిచినది. బర్మాకు పోయి ఆర్జించిన ఒక వ్యాపారి తన సంపదను ధర్మకార్యాలకు వ్రాసి ఉంచగా ఏర్పడిన సంస్థ అది. వర్తకుని ధనం లేనిదే ఆ వైద్యుడు సముద్రం దాటడం కష్టమయ్యేది. రెండవది, 1940లో ఆయన విశ్వవిద్యాలయాన్ని విడిచి లెడర్లీ అనే ఔషధ సంస్థలో చేరినాడు. అది వ్యాపార సంస్థ. ఆయన నాయకత్వంలో అక్కడే ఫోలిక్ ఆమ్లం తయారీ సిద్ధించినది, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్ వెలువడినవి. మన గోదావరి జిల్లాలలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి కళ్లెదుట మ్రింగించిన డి.ఇ.సి. మాత్ర అదే. సోదరులను బలిగొన్న వ్యాధికి ఫోలిక్ ఆమ్లం చికిత్సలో భాగమైనది. 1948 ఆగస్టులో, యాభైమూడవ యేట, ఆయన నిద్రలోనే కన్నుమూసినారు.

కాశీలో అరటిపండ్లు అమ్మబోయిన బాలుడు, మూడవ ప్రయత్నంలో గట్టెక్కిన విద్యార్థి, వ్యాపార సంస్థలో పని చేసిన వైద్యుడు, ఈ ముగ్గురూ ఒక్కరే. కనుక పదునెనిమిదవ యేట పిల్లవాని గుణాన్ని తూచి శాశ్వతమైన ముద్ర వేయడం పెద్దలకు తగదు.

కాశీ వర్తకుడు

మహాభారతం శాంతిపర్వంలోని తులాధారుని వృత్తాంతాన్ని ఇక్కడ స్మరించుకొనవలెను. జాజలి అనే తపస్వి కదలక నిలుచుండగా పక్షులు ఆయన జటలలో గూడు కట్టి పిల్లలను పెంచినవి. తనంతటి ధర్మపరుడు లేడని గర్వించిన జాజలిని అశరీరవాణి కాశీలోని తులాధారుడనే వర్తకుని వద్దకు పంపినది. తులాధారుడు సరుకులు అమ్ముకొనేవాడు. తన త్రాసు అందరికీ సమానంగా ఉంటుందనీ, ఎవరికీ ద్రోహం తలపెట్టకుండా బ్రతకడమే తాను ఎరిగిన ధర్మమనీ ఆయన తపస్వికి బోధించినాడు. అంగడిలో కూర్చున్నవాడు అడవిలోని తపస్వికి గురువైనాడు. బిడ్డ వాణిజ్యం ఎన్నుకొన్నాడని తల వంచుకొనే తల్లిదండ్రులు ఈ కథను ఒకసారి పూర్తిగా చదువవలెను.

రెండు ఇండ్లు

నేను ఎరిగిన రెండు కుటుంబాల సంగతి చెబుతాను. ఒకటి కొల్లేటి లంక గ్రామం. తండ్రికి చేపల చెరువులున్నవి. కుమార్తె రెండుసార్లు నీట్ వ్రాసినది, ర్యాంకు రాలేదు. ఏలూరులో బి.కాం. తొలి సంవత్సరంలో చేరినది. రెండెకరాల పొలం అమ్మి యాజమాన్య కోటా సీటు కొనాలని తండ్రి సంకల్పం. ముహూర్తం అడగడానికి ఇద్దరూ వచ్చినారు. పై ఐదు విషయాలను ఆ అమ్మాయినే అడిగినాను. "తాతగారూ, జీవశాస్త్రం కష్టపడి చదివాను. లెక్కల పుస్తకం మాత్రం ఎవరూ చెప్పకుండానే తెరుస్తాను. పదో తరగతి నుండి చెరువు మేత లెక్కలు నేనే వ్రాస్తున్నాను" అన్నది. మరి భయమేమిటి అంటే, "ఊళ్లో నన్ను అప్పుడే డాక్టరమ్మ అని పిలుస్తున్నారండీ. నాన్నగారికి చిన్నతనం అవుతుందని" అన్నది.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఈ మాట నాతో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. "మీరు అడగలేదు నాన్నగారూ" అన్నది ఆ బిడ్డ. పొలం అమ్మలేదు. ఆమె నేడు బి.కాం.తో పాటు సి.ఏ. పరీక్షలకు చదువుతున్నది. ఊరివారి పిలుపు మానడానికి మూడు నెలలు పట్టినది, అంతే.

రెండవది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే ఇల్లు. అక్కడ అంతా తలక్రిందులు. మనుమడు డిగ్రీ పూర్తి చేసి దుకాణంలో కూర్చోవాలని పెద్దల కోరిక. ఆ పిల్లవాడు తాతగారి పక్షవాతపు రోజులలో నలుబది దినాలు ఆసుపత్రిలో ఉండి, పక్క మార్చడం, శుభ్రం చేయడం, నడిపించడం అన్నీ తానే చేసినాడు. అతనికి గురులాఘవ పరీక్ష అప్పుడే ముగిసినది. మరి ఒక్క సంవత్సరం నీట్‌కు చదవడానికి, సీటు రాకపోతే మళ్లీ అడగకుండా ఉండడానికి ఇంట్లో ఒప్పందం కుదిరినది. ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదు. అతడు ఫిజియోథెరపీలో చేరినాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలతో చికిత్స నిలుస్తుందని చరకుడు చెప్పినాడు. వైద్యుని పాదం ఒక్కటే గౌరవనీయమని ఆయన చెప్పలేదు. తాతగారు మొదట నడిచినది ఆ మనుమని భుజం పట్టుకొనియే.

ఆచరణ

చదివి ప్రక్కన పెట్టే పాఠం వలన ప్రయోజనం స్వల్పం. కనుక ఈ క్రింది పనులు చేయవలసినదిగా తల్లిదండ్రులను, విద్యార్థులను కోరుతున్నాను.

ఒకటి. బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టి, ఐదు పరీక్షలకు సమాధానాలు తన దస్తూరితో వ్రాయించండి. మీరు కూడ వేరుగా వ్రాయండి. తరువాత రెండు కాగితాలు ప్రక్క ప్రక్కన పెట్టి చదవండి. ఎక్కడ భేదమున్నదో అక్కడే మాటలు జరుగవలెను.

రెండు. శాస్త్రజ్ఞానం వృద్ధి కావడానికి అధ్యయనం, అధ్యాపనం, తద్విద్య సంభాష అనే మూడు ఉపాయాలను అదే అధ్యాయం చెబుతున్నది. తద్విద్య సంభాష అనగా ఆ విద్య తెలిసినవారితో సంభాషణ. పని చేస్తున్న ఒక వైద్యునితో, ఒక నర్సుతో, ఒక మిల్లు యజమానితో, ఒక ఆడిటరుతో పిల్లవాడు స్వయంగా మాట్లాడవలెను. వారి వృత్తిలో మంచి దినం ఎట్లుంటుందో, చెడ్డ దినం ఎట్లుంటుందో రెండూ అడగవలెను.

మూడు. సెలవులలో పది దినాలు తెలిసిన ఆసుపత్రిలో రోగుల వెంట ఉండనివ్వండి. మరి పది దినాలు దుకాణంలోనో, మిల్లులోనో లెక్కల వద్ద కూర్చోబెట్టండి. ఇరువది దినాల అనుభవం ఇరువది మంది సలహాకు సమానం.

నాలుగు. ఎంత ఖర్చు చేయగలరో అంకెలతో బిడ్డకు చెప్పండి. అప్పు చేయవలసి వస్తే ఎంత, ఎవరు తీరుస్తారు అన్నదీ చెప్పండి. తెలియని అప్పు తెలిసిన అప్పు కంటె బరువు.

ఐదు. మరొక ప్రయత్నం చేయదలచితే గడువు ముందే నిర్ణయించండి. ఆ గడువు ముగిసిననాడు నిందావాక్యం ఒక్కటీ పలుకనని పెద్దలు మాట ఇవ్వండి.

విద్యార్థులకు ఒక మాట. పెద్దలు అడగలేదని మౌనంగా ఉండడం వినయం కాదు. వైద్య విద్యార్థి ఉపనయన సమయంలో చేయవలసిన ప్రతిజ్ఞను చరకుడు చెప్పినాడు. ప్రాణానికి, జీవనానికి ముప్పు వచ్చినను రోగికి ద్రోహం చేయరాదనీ, రోగి ఇంటి గుట్టు బయటపెట్టరాదనీ అందులో ఉన్నది. ఆ మాటలు చదివినప్పుడు మీ మనసు ముందుకు వస్తే వైద్యానికి పొండు. తులాధారుని త్రాసు కథ చదివినప్పుడు ముందుకు వస్తే వాణిజ్యానికి పొండు. రెండింటికీ రాకపోతే మరొక విద్యను వెదకండి, తొందరలేదు. ఏది నిశ్చయించినను ముందుగా ఇంటిలో చెప్పండి.

దాతలకు ఒక విన్నపం. మీ ఊరిలో మార్కులు తెచ్చుకొని రుసుము కట్టలేక ఆగిపోయిన పిల్లలు ఉంటారు. భీమవరం విద్యార్థిని బోస్టన్‌కు పంపినది ఒక వర్తకుని ధర్మం. అట్టివారిలో ఒక్కరి ఒక్క సంవత్సరపు పుస్తకాలకు, హాస్టలు ఖర్చుకు మీరు పూనుకొన్నను చాలును. ఆ సంగతి ఆ పిల్లల తల్లిదండ్రులతో ఈ నెలలోనే మాట్లాడండి. కళాశాల రుసుముల గడువులు ఎవరి కొరకూ ఆగవు.

శుభం భూయాత్.